ఎనిమిది ఊళ్ళ పేరున్న బాతు

పరాయి దేశంనుంచి వచ్చిన వస్తువుకు పేరు పెట్టవలసి వస్తే మనిషి పెద్దగా శ్రమపడడు. ఎవరు తెచ్చి అమ్మారు, ఏ ఓడలోంచి దిగింది, ఏ ఊరి సంతలో మొదట కనిపించింది, ఇంతమట్టుకు చూచుకొని ఆ ఊరిపేరు తగిలించి ఊరుకుంటాడు. మన తెలుగువాళ్ళం ఇంకా సుఖపురుషులం. మనకు ‘సీమ’ అనే మాట ఒకటి ఉంది. సముద్రం అవతలనుంచి ఏది వచ్చినా ముందొక ‘సీమ’ పెట్టేస్తే సరిపోతుంది. పిల్లలు కొక్కెంకర్రతో రాల్చుకు తినే సీమచింత అలా వచ్చిందే. ఆ వంకరకాయల చెట్టు పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాలు. ఇంగ్లీషువాడు దాన్ని ‘మనీలా చింత’ అన్నాడు. మనం పప్పులో వేసుకునే బెంగుళూరు వంకాయ కూడా మెక్సికో ప్రాంతపుదే. అది వంకాయా కాదు, బెంగుళూరుదీ కాదు.

టర్కీకోడి సంగతి మరీ తమాషా. పుట్టింది ఉత్తర అమెరికాలో. ఇంగ్లీషువాళ్ళు దాన్ని టర్కీ దేశానికి అంటగట్టారు. టర్కీవాళ్ళు, మాది కాదు బాబూ అన్నట్టుగా, దాన్ని ‘హిందీ’ అంటారు, అనగా ఇండియాది అని. ఫ్రెంచివాళ్ళు పెట్టిన పేరుకూ అదే అర్థం. పోర్చుగీసువాళ్ళు ‘పెరూ’ అన్నారు. ఒక్క కోడికి ఇన్ని దేశాల పౌరసత్వం!

అయితే ఈ విషయంలో టర్కీకోడిని మించిన పక్షి మరొకటి ఉంది. ఈ వారం దాని కథే చెప్పబోతున్నాను. మన ప్రాంతంలోనూ ఇప్పుడు అక్కడక్కడ పెరటి దొడ్లలో కనిపిస్తున్నది. నల్లగానో, తెల్లగానో, రెండూ కలిసిన బొల్లిగానో ఉంటుంది. కళ్ళచుట్టూ, ముక్కు మొదటా ఎర్రటి బొడిపెలు. నడిచేటప్పుడు తల ముందుకూ వెనక్కూ ఆడిస్తూ, తోక అటూయిటూ ఊపుతూ, పెళ్ళిలో అరటాకుల లెక్క చూచుకునే పెద్దమనిషిలాగా సాగుతుంది. దాన్నే మస్కోవీ బాతు అంటారు.

మస్కోవీ అంటే మాస్కో పరిసరాల రష్యాకు పూర్వం వాడుకలో ఉన్న పేరు. ఈ బాతుకూ రష్యాకూ ఏమీ సంబంధం లేదు. రష్యా చలికి తట్టుకోవటానికి పుట్టిన ప్రాణి కాదిది, ఉష్ణదేశపు అడవుల పక్షి. మరి ఆ పేరు ఎలా వచ్చిందనే దానిమీద పండితులు నేటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. ‘మస్క్’ అంటే కస్తూరి గనుక, ఒంటికి ఉన్న వాసననుబట్టి వచ్చిన మాట క్రమంగా మస్కోవీగా మారిందని కొందరు అంటారు. 1758లో లిన్నేయస్ శాస్త్రీయ నామం పెట్టినప్పుడు కూడా ‘కస్తూరి వాసన గలది’ అనే అర్థం వచ్చే ‘మొస్కాటా’ అనే మాటే వాడాడు. కాని దొడ్లో ఈ బాతుల దగ్గర నిలబడి చూచినవారికి కస్తూరి జ్ఞాపకం వస్తుందని నేను హామీ ఇవ్వలేను. ఇంటిపేరు కస్తూరివారు అనే మన సామెత తక్కిన సగం మాత్రం తప్పక జ్ఞాపకం వస్తుంది.

ఇక తక్కిన పేర్లు చూడండి. ఫ్రెంచివాళ్ళు దీన్ని బార్బరీ బాతు అన్నారు, ఆఫ్రికా ఉత్తరతీరంనుంచి వచ్చిందనే ఉద్దేశంతో. జర్మను భాషలో ఉన్న అనేక పేర్లలో టర్కీ బాతు ఒకటి. పూర్వపు యూరపు గ్రంథకర్తలు కొందరు కైరో బాతు అన్నారు. ఇప్పటికీ దాని శాస్త్రీయ నామంలో మొదటి మాట ‘కైరీనా’, అంటే కైరోదని. ఇండియా బాతు అన్నవారూ ఉన్నారు. మన దేశంలో, బెంగాలులోనూ అస్సాములోనూ, ఇది చీనా బాతు. వియత్నాము దక్షిణ భాగంలో సయాం బాతు. ఇండోనేషియాలో మనీలా బాతు. లెక్కపెట్టండి: మాస్కో, బార్బరీ, టర్కీ, కైరో, ఇండియా, చైనా, సయాం, మనీలా. ఎనిమిది ఊళ్ళయినాయి. ఎనిమిదింటిలోనూ ఇది పుట్టలేదు.

పుట్టింది అమెరికా ఖండంలో. మెక్సికోనుంచి మధ్య అమెరికా మీదుగా, దక్షిణ అమెరికాలో అర్జెంటీనా ఉత్తరభాగం, ఉరుగ్వే దాకా దీని స్వస్థలం. ఆ చివరి పేరు మనీలా మాత్రం దారి చూపిస్తుంది. 1565నుంచి 1815దాకా, అంటే రెండువందల యాభైయేళ్ళపాటు, మెక్సికోలోని అకాపుల్కో రేవుకూ ఫిలిప్పీన్సులోని మనీలాకూ మధ్య స్పెయిన్‌వారి ఓడలు తిరిగాయి. అమెరికా సరుకులెన్నో ఆ దారిన ఆసియాకు వచ్చాయి. కాబట్టి ఒక మెక్సికో చింతకూ, ఒక మెక్సికో బాతుకూ మనీలా పేరు పడిందంటే ఆ ఓడలు మనకు గుర్తుకు రాక తప్పదు.

పేర్ల గొడవ మనకెందుకు, బాతు బాతే గదా అనవచ్చు. అక్కడే ఉంది చిక్కు. ఊరు తెలియనివాడి స్వభావం కూడా మనకు అర్థం కాదు. అది ఎక్కడ పుట్టిందో తెలియకపోతే, దాని ప్రతి గుణమూ అవలక్షణంగానే కనిపిస్తుంది.

మా వీధి చివర, కాలువగట్టున ఒక రైతు కుటుంబం ఉంది. ఆ ఇంటి యజమానురాలికి అరవై దాటాయి. వీధివాళ్ళందరికీ ఆమె పెద్దమ్మే. పెద్దమ్మగారి అల్లుడు ఎక్కడినుంచో రెండు మస్కోవీ పెట్టలనూ, ఒక పోతునూ తెచ్చి ఇచ్చాడు. నెల తిరక్కుండానే ఆమె నన్ను వీధిలో నిలవేసి అడిగింది.

“మాస్టారూ, చదువుకున్నారు గదా, చెప్పండి. ఇదేం బాతండీ? బాతన్నాక అరవాలా? నోరు పెగలదు. నీళ్ళలో ఉండాలా? ఇలా దిగి అలా గట్టెక్కుతుంది. పొద్దుగూకితే గూట్లోకి రావాలా? జామచెట్టెక్కి కూచుంటుంది. మొహం చూస్తే గజ్జిపట్టినట్టు. రోగమేమో ననుకొని మా కోడలు రెండు రోజులు పసుపు కూడా రాసింది.”

పెద్దమ్మగారి ఆరోపణలు నాలుగు. ఒక్కొక్కటే తీసుకుందాం.

ముందు చెట్టెక్కటం. మనం ఎరిగిన పెంపుడు బాతులన్నీ, ఏ దేశంలోనివైనా, ఏ రంగువైనా, ఒకే జాతి అడవి బాతునుంచి వచ్చినవి. ఇంగ్లీషులో దాన్ని మల్లార్డు అంటారు. అది నీటిమడుగుల పక్షి, దాని సంతానానికి నీరే ఇల్లు. మస్కోవీ ఒక్కటే వేరు కుదురు. దాని పూర్వులు అడవుల్లో, చెట్లు కమ్ముకున్న వాగుల పక్కన, చిత్తడినేలల్లో బతికినవి. పగలు నీటిలోనూ నేలమీదా మేత వెతుక్కుని, రాత్రి కాగానే ఎత్తైన చెట్టుమీద వాలతాయి. అందుకనే దాని పాదం చూడండి. వేళ్ళమధ్య బాతుకు ఉండవలసిన తోలూ ఉంది, వేళ్ళ చివర కొమ్మను పట్టుకోవటానికి పదునైన గోళ్ళూ ఉన్నాయి. దాన్ని అజాగ్రత్తగా పట్టుకున్నవాడి చేతులు గీరుకుపోవటం ఈ గోళ్ళవల్లనే. పెద్దమ్మగారి పెట్టకు జామకొమ్మ ఒక వింత కాదు. కొన్ని వేల తరాలుగా అది పడుకున్న మంచం అదే. రాత్రిపూట నేలమీద తిరిగే మృగాలకు అందకుండా ఉండటానికి అడవి దానికి నేర్పిన తెలివి అది.

చెట్టుతో సంబంధమున్న బాతులు మనకు కొత్త కావు. మన చెరువులమీద ఈలవేసుకుంటూ ఎగిరే చిన్న గోధుమరంగు బాతు చెట్టుతొర్రల్లో కూడా గుడ్లు పెడుతుంది. అస్సాము అడవుల్లో తెల్లరెక్కల బాతు ఒకటుంది, ఆ రాష్ట్రపు రాజపక్షి అది. రాత్రిపూట దాని కూత దయ్యంలాగా వినిపిస్తుందని అక్కడివాళ్ళు దాన్ని ‘దేవహంస’ అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. అదికూడా అడవి చెట్లమీద వాలి, తొర్రల్లో పిల్లల్ని చేసే పక్షే. అందుచేత శాస్త్రజ్ఞులు చాలాకాలం దాన్ని మస్కోవీకి దాయాది అనుకొని ఒకే ప్రజాతిలో పెట్టారు, తరువాత వేరుచేశారు. ఆ అడవులు తరిగిపోవటంతో ఆ బాతు ఇవాళ అంతరించిపోయే ప్రమాదంలో పడింది.

ఇక నీళ్ళు. మస్కోవీకి ఈత రాకపోలేదు, చక్కగా వచ్చు. కాని మల్లార్డు సంతానం మాదిరిగా పొద్దస్తమానం నీటిలో పడివుండదు. బాతులకు తోక మొదట్లో ఒక నూనెతిత్తి ఉంటుంది. ముక్కుతో ఆ నూనె తీసి ఈకలకు రాసుకుంటే నీరు అంటదు. ఆ తిత్తి మస్కోవీలో తక్కువగా ఎదుగుతుందని పెంపకందార్లు అంటారు. అందుచేత అది స్నానానికి వచ్చినవాడిలాగా నీటిలో దిగుతుంది, జలకాలాటకు వచ్చినవాడిలాగా కాదు. గట్టుమీద గడ్డి కొరుక్కుంటూ, పురుగుల్ని ఏరుకుంటూ తిరగటంలోనే దానికి ఆనందం.

మూడోది నోరు పెగలకపోవటం. ఇటాలియనులూ, జర్మనులూ దీనికి ‘మూగబాతు’ అనే అర్థం వచ్చే పేరుకూడా పెట్టారు. అది పూర్తిగా నిజం కాదు. పోతు గొంతులోంచి బుసవంటి శబ్దం వస్తుంది. చీకట్లో వింటే పామేమోనని గుండె ఝల్లుమంటుంది. పెట్ట సన్నగా, వణుకుతున్న ఈలలాగా పలుకుతుంది. తన పిల్లలతో మాట్లాడేటప్పుడు మరీ మృదువుగా పలుకుతుంది. వాటి తక్కిన సంభాషణంతా తల ఎత్తి దించటం, తోక ఊపటం, తలమీది జుట్టు నిక్కించటం, వీటితోనే నడుస్తుంది. రెండు పక్షులు ఎదురుపడితే చాలు, తలలు ఆడించుకుంటూ పలకరింపులు మొదలవుతాయి. ఇరుగుపొరుగుల నిద్ర చెడగొట్టని పక్షి కావాలనుకునేవాళ్ళకు ఇంతకంటె వరం ఏముంటుంది?

నాలుగోది మొహంమీది ఎర్రబొడిపెలు. అది రోగం కాదు, పసుపుతో పోయేదీ కాదు. మన కోడిపుంజుకు తురాయి ఎలాగో దీనికి అది అలాగు. పోతుకు ఎక్కువ, పెట్టకు తక్కువ. అడవిలో స్వేచ్ఛగా తిరిగే పక్షికి ఇవి చాలా కొద్దిగానే ఉంటాయి. మనిషి చేతిలో తరతరాలుగా పెరిగిన పక్షులకే ఈ అలంకారం ఇంతగా పెచ్చుపెరిగింది. అడవి పక్షి రంగుకూడా వేరు. ఒళ్ళంతా నలుపు, ఎండ పడితే ఆ నలుపులో ఆకుపచ్చా ఊదా మెరుపులు, రెక్కమీద పెద్ద తెల్లమచ్చ. ఎగిరినప్పుడు ఆ మచ్చ దూరంనుంచే కనిపిస్తుంది. తెలుపు, చాక్లెట్టు రంగు, బూడిదనీలం, ఇవన్నీ పెంపకంలో వచ్చినవే. బరువూ అలాగే పెరిగింది. అడవి పోతు సుమారు మూడు కిలోలుంటే, పెంపుడు పోతు ఐదారు కిలోలదాకా తూగుతుంది. పెట్ట అందులో ఇంచుమించు సగం. పోతుకూ పెట్టకూ ఇంత తేడా ఉండే బాతుజాతులు అరుదు. బరువెక్కిన పోతు సరిగా ఎగరలేదు. పెట్ట మాత్రం ప్రహరీగోడ దాటి పక్కింటివారి పాదులోకి సునాయాసంగా ఎగిరిపోతుంది.

పెద్దమ్మగారికి ఇదంతా చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, “అయితే దీనిలో మంచి గుణం ఒక్కటైనా ఉందా?” అని అడిగింది. ఆమెకు నేను చెప్పిన జవాబు ఇక్కడ కొంచెం వివరంగా రాస్తాను. ఎందుకంటే ఈ పక్షి గొప్పతనమంతా అందులోనే ఉంది.

మనవైపు పల్లెల్లో బాతుగుడ్లను పిల్లలు చేయించాలంటే కోడికింద పెట్టి పొదిగిస్తారు. గుడ్లకోసమే పెంచుతూ వచ్చిన బాతుజాతులు చాలావరకు పొదుగుడు మరచిపోయాయి. అవి గుడ్డు పెట్టి, వెనక్కు తిరిగి చూడకుండా నడిచిపోతాయి. ఆ గుడ్లమీద కూచునే పని కోడిది. తీరా పిల్లలు బయటికి వచ్చి కాలువలోకి దిగితే, గట్టున ఆ పెంపుడుతల్లి పడే ఆందోళన చూడనివారు మన పల్లెల్లో ఉండరు. మస్కోవీ పెట్ట అలా కాదు. ఎనిమిదినుంచి పదిహేనుదాకా గుడ్లు పెట్టి, తన రొమ్ముమీది మెత్తటి నూగు పీకి వాటికి పరుపువేసి, తానే కూచుంటుంది. కోడిగుడ్డుకు ఇరవైయొక్క రోజులు, మామూలు బాతుగుడ్డుకు ఇరవైయెనిమిది. దీనికి ముప్ఫైయైదు. అయిదు వారాలు! రోజుకొకసారి లేచి, గుడ్లమీద నూగు కప్పి, గబగబా తిని, తాగి, ఒక మునక వేసి మళ్ళీ వచ్చి కూచుంటుంది. అనుకూలంగా ఉంటే ఏడాదిలో రెండు మూడుసార్లు ఈ తపస్సు చేస్తుంది. ఇతర పక్షుల గుడ్లు పెట్టినా కాదనదు. పోతు ఈ పనిలో పాలుపంచుకోదు. అది జంటకు కట్టుబడివుండే పక్షి కాదు. ఆ సమయంలో తనపాటికి తాను ఇంకొక పోతుతో గోళ్ళకూ రెక్కలకూ పనిచెబుతూ ఉంటుంది.

అడవిలో ఈ గూడు చెట్టుతొర్రలో, నేలకు ఎంతో ఎత్తున ఉంటుంది. పిల్లలు గుడ్డు పగులగొట్టుకొని వచ్చిన కొద్దికాలానికే తల్లి కిందికి దిగి పిలుస్తుంది. ఇంకా ఎగరటం రాని పసికూనలు ఆ పిలుపు విని ఒకదానివెంట ఒకటి కిందికి దూకుతాయి. దూది ఉండంత బరువుండే ప్రాణాలు గనుక దెబ్బ తగలదు. అక్కడినుంచి తల్లివెంట నీటికి నడక. చెట్టుమీద పుట్టి, నేలమీద నడిచి, నీటిలో ఈదే జన్మ అది!

తిండి విషయంలో దీనికి పట్టింపులు లేవు. గడ్డి, ఆకులు, దుంపలు, గింజలు, చిన్నచేపలు, పీతలు, చెదలు, పురుగులు, ఏదైనా సరే. ఈగల్ని పట్టటంలో మరీ నేర్పరి. కెనడాలోని ఆంటారియోలో పశువులశాలల్లో ఈగల నివారణకు ఈ బాతుల్ని వదిలి పరీక్షించి, ఈగలు బాగా తగ్గాయని 1990లో ప్రచురించారు. దాని మాంసంలో కొవ్వు తక్కువని తినేవారు చెబుతారు. మామూలు బాతుతో దీన్ని కలిపి ఒక సంకరజాతినికూడా పుట్టించారు. ఫ్రాన్సులోనూ, తైవానులోనూ అవి విస్తారంగా ఉన్నాయి. కాని గుర్రానికీ గాడిదకూ పుట్టిన కంచరగాడిదలాగా ఆ సంకరపక్షికి సంతానం కలగదు. రెండు కుదుళ్ళూ ఎంత దూరమైనవో చెప్పటానికి ఇంతకంటె సాక్ష్యం అక్కర్లేదు.

మరి దీన్ని మొదట మచ్చిక చేసింది ఎవరు? కొలంబసు అమెరికా తీరం చేరకముందే అక్కడి జనులు దీన్ని ఇంటిపక్షిగా చేసుకున్నారు. పెరూదేశపు ఉత్తరతీరాన వెలసిన మోచే నాగరికతవాళ్ళు, మన శాతవాహనులనుంచి తూర్పు చాళుక్యులదాకా ఇక్కడ రాజ్యాలు మారుతున్న శతాబ్దాలలో, తమ మట్టిపాత్రలమీద ఈ బాతు రూపాన్ని తీర్చారు. ఆ పాత్రలు ఇప్పటికీ లీమా నగరంలోని లార్కో మ్యూజియంలో ఉన్నాయి.

దీనికి పెట్టిన అసలైన పేరును మనకు చెప్పినవాడు గార్సిలాసో దె లా వేగా. ఈయన 1539లో కూస్కో నగరంలో పుట్టాడు. తండ్రి స్పెయిన్ సైనికాధికారి, తల్లి ఇంకా రాజవంశపు ఆడపడుచు. యౌవనంలోనే స్పెయిన్‌కు వెళ్ళిపోయి, ముసలితనంలో, 1609లో, తన తల్లి జాతివారి చరిత్ర అచ్చువేయించాడు. అందులో ఆ దేశంలో ఇళ్ళలో పెంచే పక్షి ఈ బాతు ఒక్కటేననీ, తమవాళ్ళు దీన్ని ‘న్యున్యుమ’ అంటారనీ వ్రాశాడు. వాళ్ళ భాషలో ‘న్యున్యు’ అంటే పాలు కుడవటం. ఈ బాతు తినేటప్పుడు పసిబిడ్డ పాలు కుడిచినట్టుగా నోరు ఆడిస్తుందట, అందుకని ఆ పేరు.

తెలుగు పాఠం చెప్పుకొని బతికేవాణ్ణి గనుక ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఎనిమిది ఊళ్ళవాళ్ళు ఎనిమిది పేర్లు పెట్టారు. ఒక్కరూ ఆ పక్షిని చూచి పెట్టలేదు, అది దిగిన ఓడను చూచి పెట్టారు. దానితో కలిసి బతికిన తల్లులు మాత్రం అది తినే తీరు చూచి, తమ చంటిబిడ్డను తలుచుకొని పేరు పెట్టారు. ఎవరు దాన్ని ఎరిగినవారో పేరే చెబుతుంది.

తెలియకుండా తెచ్చుకున్నదాన్ని మనిషి తెలియకుండానే వదిలేస్తాడు. ఈ కథలో బాధపడవలసిన భాగం అది. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో, ముఖ్యంగా ఫ్లోరిడాలో, ముచ్చటపడి ఈ బాతుల్ని పెంచినవాళ్ళు, మోజు తీరాక పార్కులలోని చెరువుల్లో వదిలిపెట్టారు. ఒక పెట్ట ఏడాదికి ఎన్ని పిల్లల్ని చేయగలదో చెప్పాను గదా. అవి వందలకు వందలై, పచ్చికబయళ్ళు పాడుచేసి, వాకిళ్ళు మలినంచేసి, జనానికి శత్రువులయ్యాయి. 2010 మార్చిలో ఆ దేశపు ప్రభుత్వం ఈ బాతుల్ని, గూళ్ళనూ గుడ్లనూ తొలగించటానికి అనుమతిస్తూ ఉత్తర్వు చేసింది. అడవుల్లోకీ చెరువుల్లోకీ వదలటం నిషేధించింది.

అయితే ఆ ఉత్తర్వులో ఒక మినహాయింపు ఉంది. టెక్సాసు రాష్ట్రంలో మెక్సికో సరిహద్దున రియో గ్రాందె నది ఒడ్డున హిదాల్గో, స్టార్, సపాటా అనే మూడు జిల్లాలున్నాయి. అక్కడ మాత్రం ఈ బాతు చుట్టపుచూపుగా వచ్చింది కాదు, తన రెక్కలమీద తాను వచ్చింది. దానికి కారణం ఏమంటే, మెక్సికో ఈశాన్యభాగంలో పాతచెట్లు నరికివేతకు గురై, తొర్రలు కరువైనప్పుడు, పక్షిప్రేమికులు కొయ్యపెట్టెలు చేయించి చెట్లకు కట్టారు. అడవి పెట్టలు ఆ పెట్టెల్ని ఒప్పుకొని అందులో పిల్లల్ని చేశాయి. సంతతి పెరిగి, 1984లో నది దాటి టెక్సాసులో కనిపించాయి. ఒకే జాతి, ఒకే దేశం. మూడు జిల్లాలలో అది రక్షించవలసిన అతిథి, తక్కినచోట తొలగించవలసిన పీడ. తేడా బాతులో లేదు. ఒకచోట మనిషి దానికి కావలసినదేమిటో కనుక్కొని ఒక పెట్టె కట్టాడు. రెండోచోట తన ముచ్చటకు తెచ్చుకొని, తన విసుగుకు వదిలేశాడు.

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘంవారి లెక్కలో ఈ జాతికి ఇప్పట్లో ప్రమాదం లేదు. కాని సొంత అడవుల్లో దాని సంఖ్య తగ్గుతూనే ఉంది, వేటవల్లా, చెట్లు పోవటంవల్లా. ప్రపంచం నలుమూలలా దొడ్లలో పెరుగుతూ, పుట్టింట్లో తగ్గిపోతున్న పక్షి ఇది.

పెంచుకోవాలని ముచ్చటపడేవారికి నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. చెరువు లేకపోయినా ఫరవాలేదు గాని, ముక్కు పూర్తిగా ముంచి కడుక్కునేంత లోతున్న నీళ్ళతొట్టి ఉండాలి. రాత్రి పడుకోవటానికి పట్టుకు దొరికే లావు వాసం ఒకటి ఎత్తుగా కట్టండి, లేకపోతే మీ జామచెట్టును వదులుకోండి. పెట్టకు గడ్డి పరచిన పెట్టె ఒకటి చీకటి మూలలో పెట్టి, అయిదు వారాలు దాని జోలికి పోకండి. రెండు మూడు పెట్టలకు ఒక పోతు చాలు, రెండైతే దొడ్డి కురుక్షేత్రమవుతుంది. అన్నిటికంటె ముఖ్యం, విసుగుపుడితే ఎవరికైనా ఇవ్వండి గాని, ఊరిచెరువులో వదలకండి.

ఇక పేరు మీ ఇష్టం. కాని పెట్టబోయేముందు గుప్పెడు నూకలు చల్లి, గట్టున కూచుని, అది తినే తీరు ఒక్కసారి చూడండి.